"తప్పకుండా సార్" అన్న రెండు మాటలకు 11,500 రూపాయలు

విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెలు చేసే ఒక చిన్న యూనిట్‌లో మూడేళ్లుగా ఆఫీసు పని చూస్తున్న 27 ఏళ్ల పాఠకురాలు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయవద్దన్నారు. పదో తరగతి దాకా తెలుగు మీడియం, ఆపైన బీకాం. ఆఫీసులో ఉన్నది ఆమె ఒక్కరే. ఆర్డర్లు తీసుకోవడం, పేపరు మిల్లులను రేట్లు అడగడం, బాకీలు గుర్తుచేయడం, లారీ మాట్లాడటం అన్నీ ఆమె ఫోన్ నుంచే జరుగుతాయి.

ఈ ఏటి మామిడి సీజన్లో నూజివీడు వైపు నుంచి పాత ఖాతాదారు ఒకాయన వాట్సాప్‌లో ఇలా పెట్టారు: "అమ్మాయ్, పోయినేడు లాంటి పెట్టెలే 2000 కావాలి. పాత రేటే. 12వ తేదీకి తోట దగ్గరికి చేరాలి." ఓనరు ఊళ్లో లేరు. ఈమె "తప్పకుండా సార్" అని రాసి, పక్కన దండం బొమ్మ పెట్టారు. సాయంత్రం ఓనరుకు ఫోన్‌లో చెబితే "సరే, తయారీ లైన్లో పెట్టు" అన్నారు తప్ప రేటు సంగతి ఎత్తలేదు. పెట్టెలు 12నే తోటకు చేరాయి. బిల్లు మాత్రం ఓనరు చెప్పినట్టు ఈ ఏటి రేటు 41 రూపాయల చొప్పున వెళ్లింది. లారీ రసీదు మీద "టూ పే" అని, అంటే కిరాయి సరుకు అందుకున్నవారే కట్టాలని ఉంది. నూజివీడు ఆయన 5,500 కిరాయి కట్టనన్నారు. డ్రైవరు సరుకు దించనని కూర్చుంటే చివరికి ఓనరే ఫోన్‌లో డబ్బు వేశారు. పెట్టెలకు కూడా నూజివీడు ఆయన పాత రేటు 38 చొప్పునే లెక్కకట్టి పంపారు. పెట్టెకు 3 రూపాయలు తేడా, 2000 పెట్టెలకు 6,000. రెండూ కలిపి 11,500. "మూడేళ్ల నుంచి రాస్తున్నావు, ఒక్క జవాబు సరిగ్గా రాయడం రాదా" అని పనివాళ్ల ముందు ఓనరు అన్న మాట ఈమెకు ఇంకా గుచ్చుకుంటూనే ఉంది.

ఇదొక్కటే కాదు. ఈమె అడుగుతూ రాసేవాటికి జవాబులు రావు. హైదరాబాద్‌లో ఒక పచ్చళ్ల కంపెనీ నుంచి 1,86,400 రూపాయలు 70 రోజులుగా రావాలి. మూడు ఉత్తరాలు రాసినా ఉలుకూ పలుకూ లేదు. మిల్లులకు రేట్లు అడిగితే "ఏ పేపరు? ఎంత?" అని ఎదురు ప్రశ్నలు వస్తాయి. "నాకు ఇంగ్లీషు రాకపోవడం వల్లే ఇదంతా. ఉద్యోగం మానేయమంటారా, స్పోకెన్ ఇంగ్లీషులో చేరమంటారా?" అని అడిగారు. తాను పంపిన మెసేజ్‌లు, ఉత్తరాల నకళ్లు కూడా జతచేశారు. చాలామంది ఈ పని చేయరు.

సమాధానం

మీ ఉత్తరంలో ఇంగ్లీషు అన్న మాట పదకొండు సార్లు వచ్చింది. నూజివీడు గొడవలో మాత్రం ఇంగ్లీషు ఎక్కడుంది? ఆయన రాసింది తెలుగు, మీరు రాసింది తెలుగు, ఇద్దరికీ ఒకరి మాట ఒకరికి చక్కగా అర్థమైంది. ఆయన మూడు షరతులు పెట్టారు. మీరు చదివింది అందులో ఒకటే, పెట్టెలు కావాలన్నది. జవాబు మాత్రం మూడింటికీ వెళ్లింది.

కుదరదు అని రాయాల్సి వచ్చినప్పుడు ఎవరైనా పది నిమిషాలు ఆలోచిస్తారు. మాట నొప్పించకూడదని తిరగరాస్తారు. సరే అని రాసేటప్పుడు ఎవరూ ఆలోచించరు, మంచి కబురే కదా అని బొటనవేలితో కొట్టి పంపేస్తారు. వ్యాపారంలో డబ్బు పోయేది ఎక్కువగా ఈ రెండో చోటే. కాదన్న జవాబు మిమ్మల్ని దేనికీ కట్టిపడేయదు. అవునన్న జవాబు సంఖ్యకు, రేటుకు, తేదీకి, కిరాయికి, అన్నిటికీ కట్టేస్తుంది.

ముందు ఆ 11,500ను రెండు ముక్కలు చేయండి. మీరూ మీ ఓనరూ దాన్ని ఒకే ముద్దగా చూస్తున్నారు, అందుకే దారి కనబడటం లేదు. రేటు తేడా 6,000 విషయంలో నూజివీడు ఆయనదే పైచేయి. ఆయన "పాత రేటే" అని అక్షరాలా రాశారు. 1872 నాటి భారత ఒప్పందాల చట్టం 7వ సెక్షను ప్రకారం, ఎదుటివారి ప్రతిపాదనను ఏ మార్పూ చేయకుండా, ఏ షరతూ పెట్టకుండా ఒప్పుకుంటే అది అంగీకారం. ఒక్కటి మార్చినా అది అంగీకారం కాదు, మీ వైపు నుంచి కొత్త ప్రతిపాదన అవుతుంది. మీరు ఏమీ మార్చలేదు. అంటే 38కి బేరం కుదిరిపోయింది. వాట్సాప్ మాటే కదా అని తప్పించుకోవడానికీ లేదు. ఎలక్ట్రానిక్ పద్ధతిలో కుదిరిన ఒప్పందం ఆ ఒక్క కారణంతో చెల్లకుండా పోదని సమాచార సాంకేతిక (ఐటీ) చట్టంలోని 10ఎ సెక్షను చెబుతోంది. ఆ అమ్మాయికి అధికారం లేదని ఓనరు అనడం కూడా కష్టమే, రోజూ అదే ఫోన్ నుంచి ఆర్డర్లు తీసుకుంటూ ఉన్నారు కదా.

కిరాయి 5,500 సంగతి వేరు. "తోట దగ్గరికి చేరాలి" అన్నారు. ఎవరి ఖర్చుతో చేరాలి? తెలుగులో ఈ 'ఆలి' చాలా మాయ చేస్తుంది. పంపాలి, చూడాలి, చేరాలి అంటాం. ఎవరు పంపాలో, ఎవరు చూడాలో వాక్యంలో ఉండదు. పోయినేడు ఆయన తన బండి తెచ్చుకుని ఫ్యాక్టరీ గేటు దగ్గరే సరుకు ఎత్తుకెళ్లారని మీరే రాశారు. అయితే 38 అన్నది గేటు దగ్గరి రేటు. అదే రేటుకు తోట దాకా తెచ్చిపెట్టమని ఆయన అడిగారా, లేక తోటకు పంపండి, కిరాయి నేను చూసుకుంటాను అనుకున్నారా అన్నది ఎక్కడా లేదు. ఇక్కడ ఇద్దరికీ వాదన ఉంది కాబట్టి ఇద్దరికీ బేరం కూడా ఉంది.

మీ ఓనరు ముందు మూడు దారులున్నాయి. 41 రేటే కావాలని, కిరాయి కూడా కట్టాలని పట్టుబట్టవచ్చు. ఆయన తన ఫోన్ తీసి మీ మెసేజ్ చూపిస్తారు, మాట అక్కడితో ఆగుతుంది, వచ్చే సీజన్లో ఆర్డరు ఇంకో చోటికి పోతుంది. రెండోది, మొత్తం వదిలేసి ఏమీ మాట్లాడకపోవడం. గౌరవంగానే ఉంటుంది, కానీ మాట్లాడకుండా వదిలేస్తే పైసంవత్సరం "పాత రేటు" అంటే 38, పైగా తోట దాకా అని స్థిరపడిపోతుంది. మూడోది, 6,000 మాది పొరపాటని ఒప్పుకొని, కిరాయిలో సగం అడగడం, వచ్చే ఆర్డరుకు లెక్క ఏమిటో ఇప్పుడే రాసి పెట్టడం. నన్ను అడిగితే మూడోదే మేలంటాను, అయితే ఆ మాట ఓనరు తానే ఫోన్ చేసి చెప్పాలి. పాత ఖాతాదారుకు డబ్బు మాట ముందు మెసేజ్‌లో వెళితే బాగుండదు. మాట్లాడిన అరగంటలో మీరు ఇలా రాయండి:

"నమస్తే సార్. ఇందాక ఓనరు గారు మీతో మాట్లాడినట్టు, 2000 పెట్టెలకు రేటు 38గానే లెక్క చూస్తున్నాం, తేడాకు క్రెడిట్ నోటు పంపుతున్నాం. లారీ కిరాయి 5,500లో సగం 2,750 మీరు ఇస్తామన్నారు. వచ్చే ఆర్డరు నుంచి రేటు ఫ్యాక్టరీ గేటు దగ్గర, కిరాయి వేరు. ఇందులో ఏదైనా తేడా ఉంటే ఈ రోజే చెప్పండి."

ఆ క్రెడిట్ నోటును, అంటే బిల్లు మొత్తాన్ని తగ్గిస్తూ ఇచ్చే కాగితాన్ని, చిన్న విషయంగా చూడకండి. బిల్లు 41తో వెళ్లింది కాబట్టి జీఎస్టీ కూడా 41 మీదే లెక్క పడింది. వట్టి మాటతో 6,000 వదిలేస్తే, రాని డబ్బుకు మీ యూనిట్ పన్ను కట్టినట్టవుతుంది. ఆ ఆర్థిక సంవత్సరం ముగిశాక వచ్చే నవంబరు 30 లోగా, వార్షిక రిటర్ను అంతకంటే ముందే వేస్తే ఆ లోగా, క్రెడిట్ నోటును రిటర్నులో చూపించాలి. మీరు బీకాం చదివారు, ఇది మీరే ఓనరుకు గుర్తుచేయండి. ఆయన అన్న మాటకు అంతకంటే మంచి జవాబు ఉండదు.

ఇక సరే అనే జవాబు రాయడం. మీ మెసేజ్‌లన్నీ చూస్తే రెండు వేర్వేరు సంగతులు ఒకే మాటతో చెబుతున్నారు. 'మీ మెసేజ్ అందింది' అన్నది ఒకటి, 'మీరు అడిగినదానికి ఒప్పుకున్నాం' అన్నది మరొకటి. రెంటికీ మీరు "ఓకే సార్", "సరే సార్", "తప్పకుండా సార్" అనే రాస్తున్నారు. బొటనవేలు బొమ్మకు కూడా ఇదే చిక్కు. కెనడాలో ఒక ధాన్యం కొనుగోలు సంస్థ అవిసె గింజల ఒప్పందం ఫోటో పంపి ఖాయం చేయమంటే, రైతు బొటనవేలు బొమ్మ ఒకటి పెట్టాడు. అందిందని చెప్పడానికే పెట్టానని ఆయన, ఒప్పుకున్నట్టేనని వాళ్లు. 2023లో అక్కడి సస్కాచెవాన్ రాష్ట్ర కోర్టు అది సంతకంతో సమానమని తేల్చి, సుమారు 82,000 కెనడా డాలర్లు కట్టమంది. ఆ తీర్పు మన కోర్టులకు వర్తించదు, కానీ గొడవ ఎక్కడ పుడుతుందో మాత్రం అక్కడా ఇక్కడా ఒకటే.

కాబట్టి ఓనరు లేనప్పుడు పంపాల్సింది ఇది: "నమస్తే సార్, 2000 పెట్టెల గురించి మీ మెసేజ్ చూశాను. రేటు, లారీ సంగతి ఓనరు గారితో మాట్లాడి సాయంత్రం 5 లోగా రాస్తాను." ఇందులో మర్యాద ఉంది, ఆలస్యం చేస్తున్నారన్న అనుమానం రాకుండా గడియారం ఉంది, ఒప్పుకోలు మాత్రం లేదు. ఒక్క షరతు ఏమిటంటే ఆ సాయంత్రం 5కు నిజంగా రాయాలి. ఓనరు దొరకకపోయినా "ఇంకా మాట్లాడలేదు సార్, రేపు ఉదయం 10కి చెబుతాను" అని రాయాలి. జవాబు రాలేదన్న కోపం కంటే, వస్తుందన్న గంటకు రాలేదన్న కోపం ఎక్కువ.

అసలు జవాబు ఎలా ఉండాలి? నూజివీడు ఆయనకు ఆ రోజు సాయంత్రం ఇలా వెళ్లి ఉంటే ఏ పేచీ ఉండేది కాదు:

"నమస్తే సార్. మీరడిగిన 2000 పెట్టెలు 12వ తేదీకి ఇవ్వగలం. లెక్క ఇది.
పెట్టె: 5 ప్లై (అయిదు పొరలు), లోపలి కొలత 400 × 300 × 200 మి.మీ., రెండు పక్కలా గాలి రంధ్రాలు, పోయినేటి అచ్చే.
సంఖ్య: 2000. మడిచి, 20 చొప్పున 100 కట్టలు.
రేటు: ఒక్కటి 41 రూపాయలు, జీఎస్టీ అదనం. పోయినేడు 38 ఉండేది, పేపరు పెరగడం వల్ల మారింది.
డెలివరీ: మే 12 సోమవారం సాయంత్రం 6 లోగా తోట దగ్గర. లారీ కిరాయి సుమారు 5,500 మీరు డ్రైవరుకు ఇవ్వాలి. దింపే మనుషులు మీవాళ్లే.
డబ్బు: 25,000 అడ్వాన్సు, మిగతాది సరుకు అందిన 7 రోజుల్లో.
ఇవన్నీ సరేనని మీరు రాసి, అడ్వాన్సు వేయగానే పని మొదలుపెడతాం. ఈ రేటు మే 3 దాకా ఉంటుంది."

మొదటి వాక్యం చూడండి, "ఇవ్వగలం" అని ఉంది. "ఆర్డరు తీసుకున్నాం" అని లేదు. తీసుకున్నాం అని మొదలుపెట్టి కింద షరతులు మారిస్తే, తీసుకున్నామన్న పైమాటే పట్టుకుంటారు. అలాగని షరతులతో మొదలుపెడితే బేరం ఇష్టం లేనట్టు కనిపిస్తుంది. అడిగినవారికి ముందు తెలియాల్సింది అవునా కాదా అన్నది, అది మొదటి వాక్యంలోనే పడాలి. లెక్క దాని కింద వస్తుంది.

రేటు మారిందని దాచకుండా పాత అంకెను కూడా వేశాం. పాత ఖాతాదారుకు 41 అని మాత్రం రాస్తే ఆయన 38 గుర్తుచేసుకుని మోసమనుకుంటారు. రెండూ పక్కపక్కన చూపించి కారణం ఒక్క ముక్కలో చెబితే, బేరమాడినా అనుమానపడరు. తేదీ పక్కన వారం పేరు రాయడం కూడా ఊరికే కాదు. 12, 13 తారుమారైనా వారం పేరు పట్టిస్తుంది. "వచ్చే సోమవారం" అని మాత్రం ఎప్పుడూ రాయకండి. శుక్రవారం నాడు రాస్తే అది మూడు రోజుల తర్వాతా, పది రోజుల తర్వాతా అన్నది ఇద్దరికి రెండు రకాలుగా తోస్తుంది.

ఇంకో మాట, "పంపిస్తాం" గురించి. తెలుగులో 'పంపిస్తాం' అంటే రేపు పంపడమూ అవుతుంది, మాకు పంపే అలవాటు ఉందనీ అవుతుంది. "నూజివీడు లారీలు పంపిస్తాం" అంటే ఏమిటి? పక్కన తేదీ లేని 'పంపిస్తాం', 'చూస్తాం', 'చేద్దాం' మాటలు వినడానికి అవునన్నట్టుంటాయి, చేతికి ఏమీ చిక్కదు. మీ మెసేజ్‌లలో ఇవి బోలెడు.

ఖాతాదారు అడిగినదాంట్లో కొంతే ఇవ్వగలిగినప్పుడు కూడా ఇదే పద్ధతి: ఇవ్వగలిగింది ముందు, లేనిది తర్వాత, దానికి బదులు ఏమిటో వెంటనే. "12కి 1200 ఇవ్వగలం, మిగతా 800 మే 16 శుక్రవారం. మొత్తం ఒకేసారి కావాలంటే 16కే పంపుతాం. ఏది మీకు వీలు?" అని అడిగితే ఎదుటివారు ఎంచుకుంటారు. "12కి కష్టం సార్, చూస్తాం" అంటే వాళ్లు ఇంకో నంబరు వెతుక్కుంటారు.

ఇక్కడ మీ ఓనరు గురించి ఒక మాట అనక తప్పదు. ఆయన నోటితో సరే అంటారు, రేటు చెప్పరు, తర్వాత కాగితం మీద మిమ్మల్ని పట్టుకుంటారు. దీనికి రెండు మార్గాలు కనబడుతున్నాయి. రేటు, అప్పు, కిరాయి ఉన్న ప్రతి జవాబునూ ముందు ఓనరుకు పంపి, ఆయన సరే అన్నాకే ఖాతాదారుకు పంపడం ఒకటి. భద్రమే కానీ సీజన్లో రోజుకు ముప్పై మెసేజ్‌లు వస్తుంటే పని నిలిచిపోతుంది, ఆయనకూ విసుగొస్తుంది. రెండోది, ప్రతి సోమవారం ఆయన చేత ఒక రేటు కాగితం రాయించుకోవడం: ఏ పెట్టెకు ఎంత, ఎంతవరకు మీరే తగ్గించవచ్చు, ఎవరికి ఎన్ని రోజుల అప్పు, కిరాయి ఎవరిది. దాని లోపల ఉన్న జవాబు మీరే ఇస్తారు, దాన్ని దాటినది ఆయన దగ్గరికి వెళుతుంది. మొదట రెండోది అడిగి చూడండి. ఆయన రాయనంటే మొదటి దానికి రండి, విసుక్కున్నా మానకండి. నోటిమాటగా చెప్పిందల్లా "మీరు ఫోన్‌లో చెప్పినట్టు ఫలానా వారికి 39కి ఒప్పుకుంటున్నాను" అని ఆయన నంబరుకే ఒక ముక్క పంపితే చాలు. అది ఆయన మీద అపనమ్మకం కాదు, ఆయన మతిమరపుకు మందు.

ఇప్పుడు మీరు అడుగుతూ రాసేవి. మీ ఉత్తరాలన్నిటిలోనూ బడి వాసన ఉంది. అడుగుతూ రాయడమంటే మన బడుల్లో ఎక్కువగా నేర్పేది సెలవు చీటీ. జ్వరం వచ్చింది, దయతలచి సెలవు ఇప్పించండి, ఇట్లు తమ విధేయ విద్యార్థిని. జీవితాంతం ఏది అడిగినా చెయ్యి ఆ దారినే పోతుంది. మిల్లుకు మీరు రాసింది: "గౌరవనీయులైన మేనేజరు గారికి నమస్కరించి వ్రాయునది. మాకు పేపరు అవసరమున్నందున దయచేసి మీ మంచి రేటు తెలుపగలరని మనవి. కైండ్లీ డూ ది నీడ్‌ఫుల్." ఇందులో మర్యాద అడుగడుగునా ఉంది, పేపరు గురించి ఒక్క అంకె లేదు. మేనేజరు జవాబు ఇవ్వాలంటే ముందు మిమ్మల్ని అయిదు ప్రశ్నలు అడగాలి. పక్కన ఇంకో మెసేజ్‌లో అంకెలన్నీ ఉంటే ముందు దానికే రేటు వేస్తాడు.

అతను అంకె కొట్టి పంపేలా అడగండి: "నేచురల్ క్రాఫ్ట్, 120 జీఎస్ఎం 18 బీఎఫ్, డెకల్ 95 సెం.మీ., 6 టన్నులు. 150 జీఎస్ఎం 22 బీఎఫ్, అదే డెకల్, 4 టన్నులు. విజయవాడ చేర్చి కిలో రేటు ఎంత? అది వీలు కాకపోతే మిల్లు దగ్గర ఎంత? తేమ శాతం ఎంత వరకు గ్యారంటీ? ఎన్ని రోజుల్లో లోడవుతుంది, ఎన్ని రోజుల క్రెడిట్? గురువారం మధ్యాహ్నం లోగా చెబితే ఈ వారమే ఆర్డరు ఖాయం చేస్తాం." నేచురల్ క్రాఫ్ట్ అంటే పెట్టెలకు వాడే గోధుమరంగు పేపరు, జీఎస్ఎం అంటే చదరపు మీటరుకు దాని బరువు, బీఎఫ్ అంటే దాని గట్టితనం, డెకల్ అంటే రీలు వెడల్పు. పేపరు తూకానికి కొంటారు కాబట్టి తేమ అడగకపోతే నీళ్లకు డబ్బు కట్టినట్టే. మిల్లు దగ్గరి రేటు, చేర్చిన రేటు విడివిడిగా అడగకపోతే మూడు మిల్లుల రేట్లు పక్కన పెట్టి పోల్చడం కుదరదు. చివరి వాక్యంలో గడువుకు కారణం కూడా ఉంది చూశారా, "వీలైనంత త్వరగా" అన్నదానికి ఆ బలం రాదు.

'దయచేసి' ఒక ఉత్తరంలో ఒకసారి చాలు. రెండోసారి వచ్చేసరికి అది మర్యాద కాదు, ప్రాధేయపడటం అవుతుంది. "పంపగలరు" అనే ఆఫీసు మాట తప్పు కాదు, కానీ "పంపండి" మొరటు మాట అని మీరు భయపడుతున్నారు, ఆ భయం అక్కర్లేదు. 'గారు', 'అండి' ఉన్న చోట "పంపండి"లో మర్యాద నిండుగానే ఉంది.

పచ్చళ్ల కంపెనీకి రాసిన మూడు ఉత్తరాలూ చదివాను. మూడింట్లోనూ మీ యూనిట్ కష్టాలున్నాయి, జీతాలు ఇవ్వలేకపోతున్నామని ఉంది. బిల్లు నంబరు రెండింట్లో లేదు. చెల్లింపు తేదీ చెప్పమని ఒక్కదాంట్లోనూ అడగలేదు. అకౌంట్స్‌లో కూర్చున్న మనిషి మీ కష్టం తీర్చలేడు, ఒక బిల్లును వెతికి ముందుకు జరపగలడు. అతనికి కావాల్సింది బిల్లు నంబరు, తేదీ, మొత్తం, సరుకు అందినట్టు వాళ్ల గోడౌన్ స్టాంపు వేసిన చలానా కాపీ. అవి జతచేసి, "ఈ బిల్లు ఏ తేదీన చెల్లిస్తారు? ఏదైనా కాగితం తక్కువైతే అది ఏదో చెప్పండి, ఈ రోజే పంపుతాం" అని రెండే వాక్యాలు రాయండి. నెల నుంచి బిల్లు ఆగిందంటే చాలాసార్లు ఏదో కాగితం తక్కువై ఒక ట్రేలో పడి ఉంటుంది.

దానికీ పలక్కపోతే చట్టం మాట ఎత్తవచ్చు. మీది తయారీ యూనిట్, ఉద్యమ్ రిజిస్ట్రేషన్ (చిన్న పరిశ్రమగా కేంద్రం దగ్గర నమోదు) ఉందన్నారు. 2006 నాటి సూక్ష్మ, చిన్న, మధ్యతరహా పరిశ్రమల (ఎంఎస్ఎంఈడీ) చట్టం ప్రకారం, సూక్ష్మ, చిన్న యూనిట్ల నుంచి సరుకు తీసుకున్నవారు రాతపూర్వకంగా గడువు ఒప్పుకొని ఉంటే ఆ గడువులోగా, అది కూడా 45 రోజులు మించకుండా, డబ్బు కట్టాలి. రాత లేకపోతే 15 రోజులే. దాటితే రిజర్వు బ్యాంకు ప్రకటించే బ్యాంకు రేటుకు మూడింతలు, నెలనెలా చక్రవడ్డీ. పైగా 2023 ఫైనాన్స్ చట్టం తెచ్చిన మార్పు వల్ల, గడువు దాటించిన మొత్తాన్ని కొన్నవారు ఆ ఏడాది ఖర్చుగా ఆదాయపు పన్ను లెక్కలో చూపుకోలేరు, కట్టిన ఏడాదిలోనే చూపుకోవాలి. మార్చి దగ్గర పడేకొద్దీ వాళ్ల ఆడిటరే ఈ బాకీల జాబితా అడుగుతాడు. అందుకని బెదిరించాల్సిన పనిలేదు. ప్రతి బిల్లు మీదా మీ ఉద్యమ్ నంబరు అచ్చు వేయించి, ఉత్తరంలో "ఈ బిల్లు 45 రోజుల గడువు దాటి 25 రోజులైంది" అని ఒక్క వాక్యం పెడితే వాళ్ల అకౌంట్స్‌కు మిగతాది అర్థమవుతుంది. ఆ తర్వాతి మెట్టు ఇలాంటి బాకీల కోసం ఉన్న ప్రభుత్వ పోర్టల్‌లో ఫిర్యాదు, అది ఈ తగాదాలు తేల్చే ఫెసిలిటేషన్ కౌన్సిల్‌కు వెళుతుంది. అక్కడిదాకా వెళితే డబ్బు రావచ్చు, ఖాతాదారు మాత్రం మళ్లీ రాకపోవచ్చు. 1,86,400 కోసం ఆ పని చేయాలా వద్దా అన్నది వాళ్లు ఏడాదికి మీ దగ్గర ఎంత సరుకు కొంటారన్న దాన్నిబట్టి ఓనరు తేల్చుకోవాలి, మీరు కాదు.

వాళ్లు మంచి జవాబే ఇచ్చారనుకోండి, "28న వేస్తాం" అని. మీరు "థాంక్యూ సార్" అని ఊరుకోకండి. "ధన్యవాదాలు. 28న 1,86,400 మొత్తం వస్తుందని రాసుకున్నాను, 29 ఉదయం ఖాతా చూసి అందినట్టు తెలియజేస్తాను" అనండి. వాళ్లిచ్చిన మాటను వాళ్ల ముందే మరోసారి పెట్టినట్టవుతుంది, 29న మీరు మళ్లీ రాయడానికి మొహమాటమూ ఉండదు.

ఇంగ్లీషు సంగతికొస్తే, గుజరాత్‌లోని మోర్బీ, వాపి వైపు మిల్లులతో రాయాల్సి వచ్చినప్పుడు అది కావాలి, కాదనను. పైన పేపరు మెసేజ్‌ను మళ్లీ చూడండి, అందులో మాటల కంటే అంకెలు ఎక్కువ. దాన్ని ఇంగ్లీషులో పెట్టడానికి పది పదిహేను మాటలు వస్తే సరిపోతుంది, ఒకసారి తెలిసినవారితో సరిచూపించుకొని దాచుకుంటే ప్రతిసారీ అంకెలు మార్చుకోవడమే. స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు మాట్లాడటం నేర్పుతుంది, ఏ అంకె అడగాలో నేర్పదు. మీ సంతోషానికి చేరండి, నూజివీడు పొరపాటుకు మందుగా మాత్రం కాదు. మన ఊళ్ల ఖాతాదారులకు తెలుగులోనే రాయండి. "అమ్మాయ్" అని పిలిచి తెలుగులో ఆర్డరు పెట్టిన మనిషికి ఇంగ్లీషు జవాబు వెళితే, కిరాయి ఎవరిదన్న వాక్యం ఆయన చదవకుండానే సరే అంటారు.

ఉద్యోగం మానే విషయం ఈ సీజన్ లెక్కలు తేలాక ఆలోచించండి. పనివాళ్ల ముందు అన్న మాట తప్పే, అది ఆయనతో విడిగా కూర్చుని చెప్పవచ్చు: "నాతో ఏదైనా ఉంటే గదిలో చెప్పండి సార్, లైను ముందు వద్దు" అని. ఆ మాట మీరు చేతిలో రేటు కాగితం నమూనా పట్టుకొని చెబితే ఆయనకు వినబడే అవకాశం ఎక్కువ. అప్పటికీ తీరు మారకపోతే ఇంకో చోట చూసుకోవచ్చు, ఆర్డరును ఇంత వివరంగా రాయగల మనిషి ఆటోనగర్‌లో ఏ యూనిట్‌కైనా కావాలి.

నూజివీడు ఫోన్ మాత్రం ఈ వారంలోనే చేయించండి. కోతలు ముగిసి, ఆయన సీజన్ లెక్కలు కట్టేశాక అడిగితే 2,750 కూడా రాదు.